పది మందీ చదవగలిగేలా లూపు వ్రాద్దాం
(సంఘ వార్షిక సమావేశంలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

  

కంప్యూటరు ప్రోగ్రాములో వచ్చే లూపును, చూసినవారికి చూడగానే అర్థమయ్యేటట్లు పొందికగా ఎలా వ్రాయాలి అన్నది ఈనాటి మా విషయం. "సంక్షేమ సంఘం సభలో ఇదేమి విషయం బాబూ?" అని వెనుక వరుసల్లో చాచాలు అనుకోవచ్చు. వారికి ఒక్క మాట మనవి చేసుకుంటాము. మన విశాఖ రేవు 1933లో ప్రారంభమయింది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమయింది. మన ఇళ్లలో పెద్దవారు ఎందరో ఆ రేవును, ఆ కర్మాగారాన్ని నమ్ముకొని సంసారాలు నడిపినవారే. ఇప్పుడు మన పిల్లలు మధురవాడ, రుషికొండ వైపు ఉన్న కంప్యూటరు కంపెనీల గుమ్మాలు ఎక్కుతున్నారు. అక్కడ కొత్తగా చేరినవారికి సాధారణంగా మొదటి రోజే కొత్త ప్రోగ్రాము వ్రాయమని చెప్పరు. ఎవరో ఎప్పుడో వ్రాసి వెళ్లిపోయిన ప్రోగ్రామును ముందు పెట్టి, చదివి బాగుచెయ్యమంటారు. ఇవాళ మన పిల్ల వ్రాసినదాన్ని రేపు ఇంకొకరు అలాగే చదవవలసి వస్తుంది. కాబట్టి ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు, అన్నానికి సంబంధించిన విషయం.

ముందుగా లూపు అంటే ఏమిటో చెప్పుకుందాం. ఒకే పనిని మళ్లీ మళ్లీ చెయ్యమని యంత్రానికి ఇచ్చే ఆజ్ఞే లూపు. మన సంఘం అరవై మంది పిల్లలకు తలా ఐదు నోటుపుస్తకాలు పంచిపెడుతున్నది అనుకుందాం. ఆ పనికి ఒక ఆజ్ఞాపత్రం వ్రాస్తే ఇలా ఉంటుంది:

ప్రతి విద్యార్థికీ ఇలా చెయ్యి:
    పేరు పిలువు
    ఐదు నోటుపుస్తకాలు ఇవ్వు
    రిజిస్టరులో సంతకం తీసుకో
గదికి తాళం వెయ్యి

మొదటి వరుస లూపుకు తల. లోపలికి జరిపి వ్రాసిన మూడు వరుసలూ దాని ఒళ్లు. ఆ మూడు పనులూ అరవైసార్లు జరుగుతాయి. చివరి వరుస మళ్లీ ఎడమ అంచుకు వచ్చేసింది కనుక అది లూపుకు బయటిది; తాళం ఒక్కసారే పడుతుంది. చూశారా, ఒక్క అక్షరం కూడా చదవకముందే, ఏది లోపల, ఏది బయట అన్నది కాగితం మీది ఆకారమే చెబుతున్నది.

ఇప్పుడు సంతకం వరుసను ఎడమ అంచుకు జరిపామనుకోండి. అరవై మందికీ పుస్తకాలు అందుతాయి, మూడు వందలూ చెల్లిపోతాయి, కాని రిజిస్టరులో చివరి పిల్లవాడి సంతకం ఒక్కటే ఉంటుంది. లెక్కలు తనిఖీ చేసేవారికి కార్యదర్శిగారు ఏమని సమాధానం చెప్పుకోవాలి? పోనీ తాళం వరుసను లోపలికి జరిపామనుకోండి. మొదటి పిల్లవాడికి పుస్తకాలు ఇవ్వగానే గదికి తాళం పడుతుంది, మిగతా యాభై తొమ్మిది మందీ గుమ్మంలో నిలబడిపోతారు. మాటలు అవే, వరుసల క్రమమూ అదే. నాలుగు ఖాళీ స్థలాల తేడాతో అర్థం మొత్తం మారిపోయింది.

ఈ ఉదాహరణ పైథాను భాష తీరులో ఉంది. హాలెండు దేశస్థుడు గైడో వాన్ రోసమ్ ఆ భాషను 1991లో విడుదల చేశారు. అంతకుముందు తాను పనిచేసిన ఏబీసీ అనే భాష నుంచి ఆయన ఈ పద్ధతి తెచ్చుకున్నారు. పైథానులో లోపలికి జరపడమన్నది వ్రాసేవారి ఇష్టానికి వదిలిన విషయం కాదు, అది వ్యాకరణమే. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటరు సైన్సులో పిల్లలు ఇప్పుడు చదువుతున్నది ఈ భాషే.

సి భాష సంగతి వేరు. మన పాలిటెక్నికు, ఇంజనీరింగు పిల్లలకు అది బాగా పరిచయం. అందులో లూపు ఒళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీసాల బ్రాకెట్లు చెబుతాయి. ఖాళీ స్థలాలను ఆ యంత్రం పట్టించుకోదు. ప్రోగ్రాము మొత్తాన్ని ఎడమ అంచుకు అంటించి వ్రాసినా నడుస్తుంది. అందుకనే మన కుర్రవాళ్లు "నడుస్తోంది కదా సార్, ఇంకేం కావాలి?" అంటారు. బాబూ, దాన్ని నడిపేది యంత్రమే, కాని చదవవలసినది మనిషి. తాటాకుల మీద వ్రాసిన కాలంలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. అలవాటుపడిన పండితులు చదువుకొనేవారు, మిగతావారు తడుముకొనేవారు. మాటలను విడదీసి, పేరాలుగా అచ్చువేసిన తరువాతనే కదా చదువు పది మందికీ సులువయింది! ప్రోగ్రాము విషయమూ అంతే.

ఈ పద్ధతులు ఒక్కరోజులో రాలేదు. 1957లో ఐబీఎం కంపెనీవారు ఫోర్ట్రాన్ భాషను తెచ్చినప్పుడు ప్రోగ్రామును అట్టకార్డుల మీద రంధ్రాలు పొడిచి వ్రాసేవారు. కార్డుకు ఎనభై నిలువు గళ్లు. మొదటి ఐదు గళ్లు వరుస నంబరుకు, ఏడు నుంచి డెబ్బై రెండు వరకు ఆజ్ఞకు. లూపు తలలో "పదో నంబరు వరుస దాకా చెయ్యి" అని ఉండేది. ఆ పదో నంబరు ఎక్కడుందో చదివేవారు కార్డులు తిరగేస్తూ వెతుక్కోవాలి. దీనికి తోడు "ఫలానా వరుసకు దూకు" అనే గోటూ ఆజ్ఞలు. ప్రోగ్రాము మధ్యలో ఇలా ఇష్టం వచ్చినట్లు దూకించడం వల్ల చదివేవారికి దారి తప్పుతున్నదని 1968లో డైక్‌స్ట్రా అనే శాస్త్రవేత్త ఒక లేఖ ప్రకటించగా, ప్రపంచమంతటా దానిపై పెద్ద చర్చ జరిగింది. లూపుకు ప్రవేశద్వారం స్పష్టంగా కనిపించాలి, నిష్క్రమణ స్పష్టంగా కనిపించాలి అన్న దృష్టి ఆ చర్చతో బలపడింది.

ఇక లూపులో లూపు సంగతి. రేవులో పనిచేసిన పెద్దలకు ఇది మాకంటే బాగా తెలుసు. సంచుల సరుకును స్లింగులలో దింపే రోజుల్లో టాలీ క్లర్కు ఓడ పక్కన నిలబడి, ఒక్కో స్లింగుకు ఒక్కో గీత గీసేవాడు. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా కొట్టేవాడు. ఎందుకు? ఇరవై మూడు గీతలు వరుసగా ఉంటే ఎవరు లెక్కపెట్టగలరు? ఐదేసి కట్టలుగా ఉంటే ఎవరైనా ఒక్క చూపులో చెప్పగలరు. పొందిక అంటే అదే. ఆ పనిని ఆజ్ఞాపత్రంగా వ్రాస్తే:

ఓడలోని ప్రతి హోల్డుకూ ఇలా చెయ్యి:
    లెక్కను సున్నా చెయ్యి
    ప్రతి స్లింగుకూ ఇలా చెయ్యి:
        లెక్కకు ఒకటి కలుపు
    ఆ హోల్డు లెక్క వ్రాయి
టాలీ షీటు మీద సంతకం చెయ్యి

ఇందులో రెండు లూపులున్నాయి. బయటిది హోల్డులది, లోపలిది స్లింగులది. "లెక్కను సున్నా చెయ్యి" అన్న వరుస ఎక్కడుందో చూడండి. అది పొరపాటున లోపలి లూపులోకి జారితే, ప్రతి స్లింగుకూ లెక్క సున్నా అయిపోయి, రెండు వందల స్లింగులు దింపినా ఆ హోల్డుకు ఒకటే అని వ్రాస్తుంది. అదే వరుస రెండు లూపులకూ పైన, బయటకు పోతే, మొదటి హోల్డు లెక్క రెండోదానిలో కలిసిపోతుంది, రెండూ మూడోదానిలో కలిసిపోతాయి. ఈ రెండు తప్పులకూ యంత్రం నోరెత్తదు, తప్పుడు లెక్కనే ధైర్యంగా అచ్చువేసి ఇస్తుంది. పట్టుకోగలిగినది చదివే మనిషి కన్ను ఒక్కటే. ఆ కంటికి ఆకారం సాయం చేయాలి.

ఆకారం సాయం చెయ్యకపోగా అబద్ధం చెబితే ఏమవుతుందో చెప్పే సంగతి ఒకటుంది. 2014 ఫిబ్రవరిలో యాపిల్ కంపెనీ తన ఫోన్లలోని ఒక లోపాన్ని హడావుడిగా సరిదిద్దవలసి వచ్చింది. సురక్షితమైన వెబ్‌సైటుతోనే మాట్లాడుతున్నామా, లేక మధ్యలో ఎవడైనా మోసగాడు దూరాడా అని పరీక్షించే భాగం అది. అందులో ఒక షరతు కింద "విఫలం దగ్గరకు దూకు" అన్న వరుస ఉండవలసినది ఒక్కటి. ఎలాగో రెండు పడ్డాయి. రెండూ షరతు కిందికే జరిపి ఉన్నాయి, కాని బ్రాకెట్లు లేవు. సి భాష నియమం ప్రకారం బ్రాకెట్లు లేకపోతే మొదటి వరుస మాత్రమే షరతుకు చెందుతుంది. రెండో వరుస షరతుతో పని లేకుండా ప్రతిసారీ జరిగిపోయింది. దానితో ఆ తరువాతి ముఖ్యమైన పరీక్ష జరగనే లేదు; అయినా అంతా సవ్యంగా ఉందన్న జవాబే వెళ్లింది. కంటికి లోపల ఉన్నట్లు కనిపించినది యంత్రానికి బయట ఉన్నది. ఇది లూపు కాదు, షరతే. అయినా లూపు ఒంటికీ నియమం అదే, ప్రమాదమూ అదే. తరువాత 2016లో వచ్చిన జీసీసీ ఆరో సంస్కరణలో, ఆకారం ఒకటి, అర్థం ఒకటి అయిన చోట్ల హెచ్చరించే సదుపాయం చేర్చారు.

ఇంతవరకు ఎందుకో చెప్పాము. ఇక ఎలాగో చెబుతాము. విద్యార్థులు దయచేసి నోటుపుస్తకాలు తీయండి.

ఒకటి. లూపు తల కింద వచ్చే ప్రతి వరుసను ఒకే కొలతతో లోపలికి జరపండి. పైథానువారు 2001లో ప్రకటించిన మర్యాదపత్రం నాలుగు ఖాళీలు జరపమంటుంది. లినక్సు కెర్నెలు వ్రాసేవారు ఎనిమిది గళ్లు జరుపుతారు. నాలుగా ఎనిమిదా అన్నదానికంటే మొదటి నుంచి చివరిదాకా ఒకటే కొలత ఉండడం ముఖ్యం. ట్యాబు మీట, ఖాళీ మీట కలగాపులగం చెయ్యకండి. మీ తెరమీద సమంగా కనిపించినది ఇంకొకరి తెరమీద వంకరపోతుంది. అర్థం తేల్చలేని విధంగా రెండూ కలిపితే పైథాను మూడో సంస్కరణ ఒప్పుకోనే ఒప్పుకోదు.

రెండు. సి భాషలో లూపు ఒళ్లు ఒక్క వరుసే అయినా బ్రాకెట్లు పెట్టండి. ఇవాళ ఒక్క వరుస ఉన్న చోట రేపు ఇంకొకరు రెండో వరుస చేరుస్తారు. బ్రాకెట్టు లేకపోతే అది లూపులో చేరదు. తెరిచే బ్రాకెట్టు తల చివర పెట్టాలా, కింది వరుసలో పెట్టాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నవారున్నారు. ఆ వాదనలో మీరు తలదూర్చవద్దు. మీ మాస్టారో, మీ కంపెనీయో ఏ పద్ధతి పాటిస్తే అదే పాటించండి. మూసే బ్రాకెట్టు మాత్రం లూపు తల మొదలైన నిలువు గీతకు సరిగ్గా కింద ఉండాలి.

మూడు. సి భాషలో లూపు తల చివర సెమికోలన్ పెట్టవద్దు. పెడితే లూపు అక్కడికక్కడే ముగిసిపోతుంది. కింద ఉన్న ఒళ్లు ఒక్కసారే జరుగుతుంది, లేదా లూపు ఎన్నటికీ ఆగదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మాకు తరచుగా కనిపించే తప్పు ఇదే.

నాలుగు. లెక్కపెట్టుకుంటూ పోయే వైల్ లూపులో, లెక్కను పెంచే వరుస లూపు లోపల ఉన్నదో లేదో వేలు పెట్టి చూసుకోండి. అది బయటకు జారితే లెక్క ఒకటి దగ్గరే నిలిచిపోయి, మొదటి పిల్లవాడికే పుస్తకాలు ఇస్తూ కూర్చుంటుంది. మనమే బలవంతంగా ఆపాలి.

ఐదు. పేర్లు అర్థవంతంగా పెట్టండి. ఐ, జె, కె అని ఒంటి అక్షరాలు వాడడం గణితం నుంచి వచ్చిన అలవాటు. ఫోర్ట్రానులో ఐ మొదలు ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేర్లు, వేరే చెప్పకపోతే, పూర్ణసంఖ్యలుగానే లెక్కకు వచ్చేవి. దానితో ఆ అలవాటు స్థిరపడిపోయింది. మూడు వరుసల చిన్న లూపుకు ఫరవాలేదు. కాని లూపులో లూపు ఉన్నప్పుడు ఐ ఏదో, జె ఏదో తికమక పడతారు. హోల్డు, స్లింగు అని వ్రాస్తే ఎవరికీ తికమక ఉండదు.

ఆరు. లూపులో లూపు, అందులో మరో లూపు, ఇలా మూడు మెట్లు దాటకుండా చూసుకోండి. దాటుతున్నదంటే లోపలి పనిని విడదీసి, దానికి ఒక పేరు పెట్టి వేరే చోట వ్రాయండి. ఎనిమిదేసి గళ్లు జరిపే లినక్సువారి ఉద్దేశం కూడా ఇదే. మెట్లు ఎక్కువైతే వరుస తెర అంచుకు కొట్టుకొని, వ్రాసినవారికే సిగ్గు వేస్తుంది.

ఏడు. వరుసకు ఒకే పని. ఒక పని ముగిసి ఇంకొక పని మొదలయ్యే చోట ఒక ఖాళీ వరుస. వివరణ వ్రాస్తే, ఏమి చేస్తున్నామో కాక ఎందుకు చేస్తున్నామో వ్రాయండి. "లెక్కకు ఒకటి కలుపుతున్నాను" అన్న వివరణ వృథా, అది కనిపిస్తూనే ఉంది. "హోల్డు మారగానే లెక్క కొత్తగా మొదలవ్వాలి" అన్నది పనికివచ్చే వివరణ.

"ఇప్పుడు ఇవన్నీ సరిచేసే పరికరాలు వచ్చాయి కదా" అని కొందరు పిల్లలు అడుగుతారు. నిజమే. గో అనే భాషను 2009లో ప్రకటించినవారు దానితోపాటు గోఫ్మట్ అనే దిద్దుబాటు పరికరాన్ని ఇచ్చి, బ్రాకెట్ల తగాదానే లేకుండా చేశారు. తప్పక వాడుకోండి. కాని ఆ పరికరం వరుసలను సర్దుతుందే గాని, సంతకం వరుస లూపు లోపల ఉండాలా బయట ఉండాలా అన్నది దానికి తెలియదు. పైగా పరీక్ష హాలులో కాగితం మీద వ్రాసేటప్పుడు పరికరం రాదు. ఇక కృత్రిమ మేధ ప్రోగ్రాములు అడిగిన వెంటనే పేజీలకు పేజీలు లూపులు వ్రాసి ఇస్తున్నాయి. అటువంటి కాలంలో వ్రాయడంకంటే చదివి తప్పొప్పులు తేల్చడమే పెద్ద విద్య అవుతుంది. ఎవరు వ్రాసి ఇచ్చినా, కింద సంతకం చేసేది మీరే.

ఇక్కడ ఒక చరిత్ర విషయం జ్ఞాపకం చేస్తాము. పనిని మెట్లు మెట్లుగా చెప్పే విధానాన్ని ఆల్గారిథమ్ అంటారు కదా, ఆ మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిను భాషలో రూపం మారి వచ్చినది. ఆయన వ్రాసిన బీజగణిత గ్రంథంలో ఇప్పటిలాగా గుర్తులు లేవు, అంతా మాటలలోనే ఉంది. ఆస్తుల పంపకాలు, వ్యాపారాలు, తగాదాలు, భూమి కొలతలు వంటి నిత్యావసరాలకు పనికివచ్చేలా ఆ గ్రంథం కూర్చారు. అంటే లెక్క విధానం ఎంత గొప్పదైనా, దాన్ని వాడుకోవలసిన మనిషికి అర్థమయ్యేలా చెప్పాలన్న దృష్టి ఆనాడే ఉన్నది.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. "మాకు ఇంగ్లీషు రాదు, కంప్యూటరు రాదు, పిల్లల చదువు మేమేం చూస్తాం" అని మన అమ్మీలు అంటూ ఉంటారు. అమ్మా, ఆకారం చూడడానికి ఇంగ్లీషు అక్కరలేదు. పిల్లవాడి నోటుపుస్తకం తెరవండి. వరుసలన్నీ ఎడమ అంచుకు అంటుకొని ఉన్నాయా, లేక మెట్లు మెట్లుగా ఉన్నాయా చూడండి. ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, "బేటా, ఇది ఎన్నిసార్లు జరుగుతుంది? ఒక్కసారా, ప్రతిసారా?" అని అడగండి. తెలుగులో చెప్పినా సరే, ఉర్దూలో చెప్పినా సరే. తడుముకోకుండా చెప్పగలిగితే వాడికి లూపు వచ్చినట్లే. చెప్పలేకపోతే మళ్లీ ఒకసారి పొందికగా వ్రాయమనండి. వ్రాస్తూండగానే తప్పు వాడికే కనిపిస్తుంది. దీనికి ట్యూషను ఫీజు లేదు, పావుగంట సమయం చాలు.

విద్యార్థులారా, మీరు వ్రాసే ప్రోగ్రాము మీ తరువాత వచ్చే ఒక మనిషికి మీరిచ్చే ఉత్తరం వంటిది. ఆ మనిషి మన ఊరివాడు కావచ్చు, పరదేశి కావచ్చు, మూడేళ్ల తరువాత మీరే కావచ్చు. అతను ఆఫీసులో రాత్రి పొద్దుపోయాక, ఆగిపోయిన పనిని సరిచెయ్యడానికి మీ పేజీ తెరుస్తాడు. ఏది లోపల, ఏది బయట అన్నది అతనికి ఒక్క చూపులో కనిపిస్తే, అతను తొందరగా ఇల్లు చేరుతాడు. అంతటి ఉపకారం నాలుగు ఖాళీ స్థలాలతో చెయ్యగలిగినప్పుడు బద్ధకించడం మనకు తగదు.